ఎరువు, బదులు, అవినిమేయం

ఉగాది సంచికలో ఒక మాటను పట్టుకొని ఇంత వ్యాసం వ్రాయడమేమిటని పాఠకులు అనుకోవచ్చును. ఆ మాట ‘అవినిమేయం’. పలకడానికి బరువుగా ఉన్నది. సంతలోగాని పెళ్లిపందిట్లోగాని ఎవరూ దీనిని వాడరు. అయినా దీని వెనుక ఉన్న సంగతి సిరిగేరిలో ధాన్యం గోదాములో వేసే రైతుకు, బళ్లారిలో బంగారం కుదువ పెట్టే ఇల్లాలికి, టిక్కెట్టు కిటికీ దగ్గర మాతో వాదించే ప్రయాణికునికి నిత్యం ఎదురయ్యేదే. మేము పెద్ద చదువులు చదివినవారము కాము. మెట్రిక్‌తో రైల్వే గుమాస్తా పనిలో చేరినవారము. పుస్తకాలలో చూచినది, కిటికీ దగ్గర నేర్చినది కలిపి ఈ నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

ముందు అర్థం చెప్పుకొందాము. వినిమయం అంటే ఒకటి ఇచ్చి మరొకటి పుచ్చుకోవడం. వస్తు వినిమయ పద్ధతి అని బడిలో అందరమూ చదువుకొన్నదే. ఒకదానికి బదులుగా అదే జాతిది, అంతే పరిమాణం గలది మరొకటి ఇస్తే సరిపోయే వస్తువు వినిమేయం. అట్లా సరిపోనిది అవినిమేయం. దీనిని ‘వినియోగం’ అనే మాటతో కలపరాదు. అది వాడుకకు సంబంధించినది. ఇంగ్లీషువారు వినిమేయాన్ని ‘ఫంజిబుల్‌’ అని, అవినిమేయాన్ని ‘నాన్‌ ఫంజిబుల్‌’ అని అంటారు. దీనికి మూలం లాటిన్‌ భాషలో ఒక పనిని నెరవేర్చడం అనే అర్థం గల క్రియ. ఒకదాని స్థానంలో నిలిచి దాని పని నెరవేర్చగలది ఫంజిబుల్‌ అన్నమాట. బూజుకు చెప్పే ‘ఫంగస్‌’ అనే మాటతో దీనికి చుట్టరికం లేదు. పూర్వపు రోమను న్యాయవేత్తలు తూకంతోను, లెక్కతోను, కొలతతోను తేలే వస్తువులను ఒక తరగతిగా విడదీసినారు. ధాన్యం, నూనె, సారాయి, నాణెములు ఆ తరగతిలోనివి.

ఇంత దూరం పోనక్కరలేకుండా మన ఇంటి ఉదాహరణ చూడండి. పొరుగింటి నుండి బస్తా సోనామసూరి బియ్యం అప్పు తెచ్చినవాడు అవే గింజలను తిరిగి ఇవ్వనక్కరలేదు. ఇవ్వలేడు కూడ, వండుకొని తిన్నాడు గదా! అదే రకం బస్తా ఒకటి ఇస్తే ఋణం తీరినది. కాని రెండు రోజుల దుక్కికి ఎద్దును అడిగి తోలుకొని పోయినవాడు మరొక ఎద్దును తెచ్చి గాటన కట్టి, “దీని ఖరీదు ఎక్కువే గదా మామా” అంటే మామ ఊరుకొనడు. ఆయనకు తన ఎద్దే కావలెను.

ఈ రెంటికి తెలుగులో రెండు వేరు వేరు మాటలు మొదటి నుండి ఉన్నవి. మొదటి దానిని అప్పు అంటాము, బదులు అంటాము. కాగితం లేకుండా పుచ్చుకొన్న పైకానికి ‘చేబదులు’ అని ఎంత చక్కని పేరు! పుచ్చుకొన్న నోటు తిరిగి రాదు, దానికి బదులు మరొకటి వస్తుందని మాటలోనే ఉన్నది. రెండవ దానిని ఎరువు అంటాము. పొలానికి వేసే ఎరువు వేరు. ఇది పెళ్లికి ఎరువు తెచ్చుకొన్న నగ. నిఘంటువులలో ‘ఎరవు’ అని కూడ కనిపిస్తుంది. వాడుకొని అదే వస్తువును తిరిగి ఇవ్వడం దీని ధర్మం. ఎరువు సొమ్ము బరువు చేటు అని సామెత. అప్పు తెచ్చిన ధాన్యం ఇంట్లో ఉన్నంతసేపు మనదే. ఎరువు తెచ్చిన నగ మెడలో ఉన్నా మనది కాదు. అది పోతే మరొకటి కొని ఇచ్చినా మాట పోతుంది. అందుకే ఆ బరువు.

మన సరిహద్దు పల్లెలలో మరొక సంతోషకరమైన విషయం గలదు. కన్నడం వారు కూడ ఈ తేడాను రెండు మాటలతోనే పాటిస్తున్నారు. తీర్చే ఋణం వారికి ‘సాల’. తిరిగి అదే ఇవ్వవలసిన వస్తువు ‘ఎరవలు’. గ్రంథాలయంలో పుస్తకం ఇంటికి తెచ్చుకొనడాన్ని కూడ వారు ఎరవలు అనే అంటారు. మన ఎరవు, వారి ఎరవలు ఒక తల్లి బిడ్డలే. కాబట్టి ‘అవినిమేయం’ అనే సంస్కృతపు మాట మనకు కొత్త అయినా, దానిలోని ఆలోచన ఈ నేలకు కొత్త కాదు.

శాస్త్రగ్రంథాలలోను ఇది ఉన్నది. కల్యాణి చాళుక్యులలో ఆరవ విక్రమాదిత్యుడు 1076 నుండి 1126 వరకు రాజ్యమేలినాడు. ఆయన రాజధాని కల్యాణం ఇప్పుడు బీదరు జిల్లాలోని బసవకల్యాణ. అక్కడి విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి ‘మితాక్షర’ అనే వ్యాఖ్య వ్రాసినాడు. తరువాతి కాలంలో బెంగాలు, అస్సాం ప్రాంతాలు తప్ప దేశమంతటా హిందూ కుటుంబాల ఆస్తి వ్యవహారాలకు ఆ వ్యాఖ్యయే ప్రమాణమైనది. ఆ స్మృతిలో ఋణాలకు ఒక ప్రకరణం, దాచుకొనడానికి ఇచ్చిన సొమ్ముకు మరొక ప్రకరణం గలవు. ఋణంలో వడ్డీ ఎంత పెరిగినా బంగారం రెండింతలకు, ధాన్యం మూడింతలకు, వస్త్రం నాలుగింతలకు మించరాదని హద్దు పెట్టినారు. ఇవన్నీ లెక్కకు, కొలతకు వచ్చే వస్తువులు. ఇక లోపల ఏమున్నదో చెప్పకుండా ముద్ర వేసి ఒకరి చేతికి దాచ ఇచ్చిన పెట్టెను ‘ఉపనిధి’ అన్నారు. దానికి ఇన్ని రెట్లు, అన్ని రెట్లు అనే లెక్క లేదు. ఎట్లా ఇచ్చినారో అట్లే తిరిగి ఇవ్వవలెను. రాజు వలనగాని, దైవికంగాగాని, దొంగల వలనగాని పోతే పుచ్చుకొన్నవాని తప్పు లేదని కూడ చెప్పినారు. అప్పు పుచ్చుకొన్నవానికి ఆ మినహాయింపు లేదు. ఇల్లు కాలినా బాకీ బాకీయే. చూడండి, ఒక వస్తువు ఏ తరగతిది అన్న ప్రశ్న మీద నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్నది ఆధారపడి ఉన్నది. ఇది ఉత్త మాటల పంచాయితీ కాదు.

ఇంగ్లీషు ప్రభుత్వ కాలంలో 1872 లో వచ్చిన భారత కాంట్రాక్టు చట్టం ఇప్పటికీ అమలులో ఉన్నది. ఇతరుల సరుకు మన దగ్గర ఉండగా మన సరుకుతో కలిసిపోతే ఏమి చేయవలెనో అందులో వివరించినారు. ఒకడు గుర్తు వేసిన 100 బేళ్ల ప్రత్తి అప్పగించినాడు, పుచ్చుకొన్నవాడు అడగకుండా వేరే గుర్తు గల తన బేళ్లతో కలిపినాడు. అప్పుడు ఆ 100 బేళ్లనే ఏరి ఇవ్వవలెను, ఏరే ఖర్చు కలిపినవానిదే. మరొకడు పీపా 45 రూపాయల మేలురకం పిండి అప్పగిస్తే, పుచ్చుకొన్నవాడు 25 రూపాయల నాటు పిండితో కలిపినాడు. పిండిని ఏరడం ఎవరి తరం? కాబట్టి నష్టం కట్టి ఇవ్వవలెను. యజమాని ఒప్పుకొని కలిపితే మాత్రం ఎవరి వంతుకు తగిన భాగం వారిది. గుర్తు ఉన్నంతవరకు బేలు అవినిమేయం. గుర్తు చెరిగి పిండిలో పిండి కలిస్తే ఇక మిగిలేది విలువ మాత్రమే.

రెండు తరగతులూ ఒకే లావాదేవీలో కలిసే చోటు కుదువ వ్యాపారం. మన కోస్తా పెద్దలు తాకట్టు అంటారు. బ్యాంకు ఇచ్చేది పైకం. తిరిగి కట్టేటప్పుడు అవే నోట్లు తెమ్మని ఎవరూ అడగరు. కాని మనం పెట్టిన పుస్తెలతాడుకు బదులు అంతే తూకం, అంతే మచ్చు గల మరొక తాడు ఇస్తే ఏ ఇల్లాలు పుచ్చుకొంటుంది? బంగారం సంతలో వినిమేయం. అదే బంగారం మెడలో పడిన నాటి నుండి అవినిమేయం. వస్తువు మారలేదు, దానిని పట్టుకొన్న చేయి మారినది. అందుకే నగను అప్పగించేటప్పుడు తూకం ఒక్కటే గాక నగ వివరం, రాళ్లు, కొక్కెం ఎట్లా ఉన్నవో కాగితం మీద వ్రాయించుకొమ్మని మా మనవి.

ఇక మేము అన్నం తినే రైల్వే సంగతి. “అయ్యా, నేను పోవడం లేదు, మా తోడల్లుడు పోతాడు. మీ డబ్బు మీకు ముట్టినది గదా, ఎవరు కూర్చుంటే మీకేమి?” అని అడిగేవారు వారానికి ఇద్దరైనా వస్తారు. వారి దృష్టిలో సీటు వినిమేయం. 1989 నాటి రైల్వే చట్టం 53 వ సెక్షను దీనికి జవాబు చెప్పినది. ఒకరి పేర ఇచ్చిన టిక్కెట్టు వారే వాడవలెను. అయితే ఒకే రైలులో పోయేవారు తమలో తాము సీటుగాని బెర్తుగాని మార్చుకొనడానికి అడ్డు లేదని అదే సెక్షనులో ఉన్నది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి! చెక్కబల్ల వినిమేయం, మనిషి పేరు అవినిమేయం. పేరు మార్చడానికి నిబంధనలు ఒక సందు మాత్రం ఉంచినవి. రైలు బయలుదేరడానికి 24 గంటల ముందు వ్రాసి ఇస్తే తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, కొడుకు, కూతురు, భార్య, భర్త వీరిలో ఒకరి పేరుకు మార్చవచ్చును. తోడల్లునికి ఆ జాబితాలో చోటు లేదు. ఆ మాట చెప్పినప్పుడు కిటికీ అవతల పుట్టే కోపం మాకు అలవాటే.

పట్టాల విషయంలోను ఇదే పాఠం ఉన్నది. గుంతకల్లు మీదుగా మద్రాసు, బొంబాయి మధ్య నడిచే దారి బ్రాడ్‌గేజి. పట్టాల నడుమ 5 అడుగుల 6 అంగుళాలు. గుంతకల్లు నుండి బళ్లారి, హోసపేట, హుబ్బళ్లి వైపు పోయేది చాలాకాలం మీటరుగేజి. పేరులో ఉన్నట్లు ఒక్క మీటరు. ఇక్కడి వ్యాగను అక్కడి పట్టాల మీద కదలదు. కాబట్టి సరుకు ఒక వ్యాగనులో నుండి దించి మరొక వ్యాగనులోకి ఎక్కించవలసి వచ్చేది. హమాలీల కష్టం, గుమాస్తాల లెక్క, దారిలో చిరిగిన గోనెలు, చినుకులకు తడిసిన బస్తాలు, అన్నీ ఆ తేడా వలన వచ్చినవే. బస్తా ఏ వ్యాగనులోనైనా ఇముడుతుంది, వ్యాగను ఏ పట్టాల మీదనైనా నడవదు. దేశమంతా ఒకే గేజి చేయవలెనని 1992 లో పెద్ద ఎత్తున పథకం మొదలైన తరువాత ఆ దశకంలోనే మన బళ్లారి దారి కూడ బ్రాడ్‌గేజి అయినది. అవినిమేయమైనదానిని వినిమేయం చేయడానికి ఎంత ఇనుము, ఎంత పైకం, ఎన్నేళ్లు పట్టినవో రైల్వేవారికి తెలుసును.

పట్టాలనైతే మార్చవచ్చును, పల్లెల మాటేమిటి? ఈ ప్రశ్న మన బళ్లారి జిల్లాకు 1953 లో ఎదురైనది. మద్రాసు రాష్ట్రంలోని ఆ జిల్లాలో అప్పుడు పది తాలూకాలు. పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణం 1952 డిసెంబరు 15 న జరిగినది. 1953 అక్టోబరు 1 న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చినవి. మిగిలిన ఏడు మైసూరులో చేరినవి. బళ్లారి తాలూకా విషయం తేలక జస్టిస్‌ మిశ్రాగారి విచారణకు పోయి, చివరకు అదికూడ మైసూరుకే చెందినది. సిరిగేరి ఉన్న సిరుగుప్ప తాలూకా ఆ ఏడింటిలో ఒకటి. అంతటితో అయిపోలేదు. 1955 లో రాష్ట్రాల పునర్విభజన సంఘం వారు తుంగభద్ర ప్రాజెక్టును దృష్టిలో పెట్టుకొని సిరుగుప్ప, బళ్లారి, హోసపేట తాలూకాలను ఆంధ్రకు ఇవ్వవచ్చునని సిఫారసు చేసినారు. ప్రభుత్వం దానిని అంగీకరించలేదు. 1956 నవంబరు 1 న ఈ ప్రాంతం విశాల మైసూరులోనే నిలిచినది. 1973 లో ఆ రాష్ట్రానికే కర్ణాటక అని పేరు వచ్చినది.

ఇందులో ఎవరిది న్యాయమని ఇప్పుడు తగవు పెట్టడం మా ఉద్దేశం కాదు. ఒక్కటి మాత్రం గమనించవలెను. భాషల శాతాలు, కాలువల మైళ్లు పక్కన పెట్టి తూచినప్పుడు పల్లెలు తక్కెడలోని గింజల వలె ఒకదానితో ఒకటి సమానంగా కనిపిస్తవి. ఏర్పాటు చేసేవారికి అట్లా తూచక తప్పదు. కాని తన ఊరు ఏ వైపు పోతుందో అని ఎదురుచూచిన రైతుకు అది గింజ కాదు, మెడలోని తాడు వంటిది. కాగితాల మీద సరిహద్దు ఇటు జరిగినా అటు జరిగినా సిరిగేరి తన చోటు నుండి అంగుళం కదలలేదు. ‘సిరి’ అనే మాటకు అప్పుడూ ఇప్పుడూ రెండు భాషలలో ఒకటే అర్థం.

అదే 1953 లో తుంగభద్ర జలాశయం నుండి కాలువలకు నీరు వదలినారు. ఆ నీటి వెంట కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు వచ్చినారు. అక్కడ ఉన్న కొద్ది చెక్క అమ్మి ఇక్కడ నల్లరేగడి ఎక్కువ ఎకరాలు కొన్నారు. పొలాల దగ్గర పాకలు వేసుకొన్న చోట్లకు ‘క్యాంపు’ అని పేరు నిలిచినది. ఈ సంచిక చదివే కుటుంబాలలో పెక్కుమంది ఆ పెద్దల బిడ్డలే. ఎకరానికి ఎకరం చొప్పున చూస్తే వారు చేసినది మంచి వినిమయమే. కాని భూమికి చట్టం వేరే స్థానం ఇచ్చినది. 1963 నాటి స్పెసిఫిక్‌ రిలీఫ్‌ చట్టంలో, స్థిరాస్తి అమ్ముతానని ఒప్పుకొని తప్పినవాని వద్ద నుండి పైకం ఇప్పిస్తే కొన్నవానికి సరిపోదని కోర్టు మొదట భావించవలెనని ఉండేది. ఎందుకనగా ఒక చెక్క పొలం మరొక చెక్కకు సరి కాదు. కాలువకు దగ్గర, దూరం, ఎత్తు, పల్లం, పక్కవాడు మంచివాడు, కానివాడు. 2018 లో సవరణ వచ్చి, భూమి విషయంలోనే గాక సాధారణంగా ఒప్పందాన్ని ఉన్నదున్నట్లు నెరవేర్పించడమే నియమమైనది. ఈ హక్కు వాడుకొనడానికి ఒప్పందం రుజువు కావలెను. నోటిమాట మీద, తెల్లకాగితం మీద కొన్న పొలాలు ఏ ఇంట్లోనైనా ఉంటే హద్దులు, సర్వే నంబరు స్పష్టంగా వ్రాయించి రిజిస్టరు చేయించుకొనడం మంచిది.

నీటిని కూడ టి.ఎం.సి.లలో కొలిచి రాష్ట్రాలు పంచుకొంటున్నవి. కొలతకు వచ్చినది గదా, వినిమేయమే అనిపిస్తుంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర జలాశయపు 33 గేట్లలో 19 వది గొలుసు తెగి కొట్టుకొనిపోయినది. పక్క గేటును ఊడదీసి అక్కడ పెట్టడానికి లేదు. విశ్రాంత ఇంజనీరు కన్నయ్యనాయుడుగారి సలహాతో ఇనుప పలకలు ఒకదానిమీద ఒకటి దించి, వారం రోజుల్లో ఆ కంతను మూసినారు. ఈలోగా ఎంతో నీరు నదిలోకి పోయినది. అదృష్టవశాత్తు ఆ యేడు వానలు మరల నింపినవి. కాని పొట్టమీద ఉన్న పైరుకు అందని తడి తరువాత నెలలో అందినా దానికి సరి కాదని కాలువ చివరి రైతును అడిగితే చెప్పుతాడు. లెక్కలో టి.ఎం.సి.కి టి.ఎం.సి. సమానం. పొలంలో కాదు.

గోదాముల విషయం రైతులు ముఖ్యంగా తెలుసుకొనవలెను. 2007 నాటి వేర్‌హౌసింగ్‌ చట్టంలో ‘ఫంజిబుల్‌ సరుకులు’ అనే మాటకు నిర్వచనమే ఇచ్చినారు. స్వభావం వలనగాని వ్యాపారపు వాడుక వలనగాని ఒక పాలు మరొక పాలుకు సమానమైన సరుకు అని దాని సారాంశం. అట్టి సరుకుగా పుచ్చుకొన్నప్పుడు, ఒప్పుకోలు ఉంటే, గోదామువారు ఇతరుల సరుకుతో కలపవచ్చును. కలపరాదంటే విడిగా ఉంచవలెను. మీ ధాన్యం తినడానికో అమ్మడానికో అయితే కలిసినా నష్టం లేదు, రకం, తేమ సరిపోతే చాలును. అదే మరుసటి కారుకు దాచుకొన్న విత్తనమైతే? పక్కవాని రకంతో కలిస్తే ఆ పైరు రెండు సార్లు కోతకు వస్తుంది. కాబట్టి రసీదు పుచ్చుకొనేటప్పుడు “ఇది బదులా, ఎరువా?” అని తెలుగులోనే అడగండి. గుమాస్తాకు అర్థం కాకపోతే ‘ఎరవలు’ అనండి.

ఈ పాత మాట 2021 లో లోకమంతా మారుమ్రోగినది. కంప్యూటరు చిత్రాలకు ‘నాన్‌ ఫంజిబుల్‌ టోకెన్‌’ అనే చీటీలు కట్టి అమ్మినారు. ఆ సంవత్సరం మార్చిలో బీపుల్‌ అనే అమెరికా చిత్రకారుని చిత్రం క్రిస్టీస్‌ వేలంలో 6 కోట్ల 93 లక్షల డాలర్లకు పోయినది. ఆ చీటీ పొట్టిపేరును కాలిన్స్‌ నిఘంటువువారు ఆ యేటి మేటి మాటగా ఎంచినారు. అసలు సంగతి ఏమనగా, చిత్రానికి నకళ్లు ఎన్నైనా తీయవచ్చును. ఒక్కటిగా ఉన్నది చిత్రం కాదు, దాని పేర పుస్తకంలో పడిన పద్దు. ఆ పద్దుకు విలువ ఇచ్చేవారు ఉన్నంతవరకే ఆ ధర. తరువాత అట్టి చీటీలలో చాలావాటి వెల కుప్పకూలినది. రసీదును చూచి సరుకు అనుకొనరాదని గూడ్సు ఆఫీసులో మొదటి రోజే చెప్పుతారు.

ఇన్ని ఉదాహరణల వలన మాకు తేలినది ఒక్కటే. అవినిమేయత వస్తువులో పుట్టుకతో ఉండదు. ఇచ్చేవాడు, పుచ్చుకొనేవాడు ఏమని అనుకొన్నారో అందులో ఉంటుంది. ఇద్దరూ ఒకటే అనుకొంటే తగవు లేదు. ఒకడు ఎరువని ఇచ్చి, మరొకడు బదులని పుచ్చుకొన్నప్పుడే కోర్టు మెట్లు. తోబుట్టువుల పంపకాలలో, స్నేహితుల చేతిమార్పులలో, గోదాములో, బ్యాంకులో ముందుగా ఆ ఒక్క మాట తేల్చుకొంటే సగం మనస్పర్థలు పుట్టనే పుట్టవు.

మన పిల్లలు బడిలో కన్నడం చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడుతారు. ఒక భాష వస్తే రెండవదాని అవసరమేమి అని కొందరు తల్లిదండ్రులే అంటున్నారు. బజారులో ఉప్పు, పప్పు కొనడానికి ఏ భాష అయినా చాలును. అక్కడ మాట వినిమేయమే. కాని ఎరువు, బదులు అనే రెండు చిన్న మాటలు మరచిపోయిన పిల్లవానికి రేపు ఇంత వ్యాసం వ్రాసి అవినిమేయం అంటే ఏమిటో చెప్పవలసి వస్తుంది. కన్నడం బాగా నేర్పండి. అది మనకు అన్నం పెట్టే నేల మాట. తెలుగు మాత్రం పెద్దల నుండి ఎరువు తెచ్చుకొన్నది. దానికి బదులు మరొకటి ఇస్తే చెల్లదు, దానినే పిల్లలకు అప్పగించవలెను. ఈ కొత్త సంవత్సరంలో మీ గాదెలు నిండి, మీ లెక్కలు తగవు లేకుండా తీరుగాక!